మెక్సికో కథాగేయములలో మాదకద్రవ్యముఠాల హింస

మెక్సికోదేశపు జానపదవాఙ్మయమున కొర్రీదో యను పేరఁ బరఁగు కథాగేయజాతి యొకటి కలదు. పరుగెత్తుట యను నర్థము గల స్పానిషు ధాతువునుండి యీ పేరు పుట్టినది; ఎడతెగక సాఁగునది యని తాత్పర్యము. ఎనిమిదేసి యక్షరముల పాదములు నాలుగు చేరి సాధారణముగా నొక చరణ మగును. రెండవ నాలుగవ పాదములకు మాత్రమే యంత్యప్రాస నియతము. గాయకుఁడు మొదట సంవత్సరమును, మాసమును, దినమును, ఊరిపేరును జెప్పును. పిదపఁ గథానాయకుని నామ మెత్తును. నడుమ వాదప్రతివాదములను వారి వారి నోటనే పలికించును. తుద నొక పావురమునకు సందేశ మప్పగించి సభవారికడ సెలవు గైకొనును. శిలాశాసనములలో శకవర్షతిథివారములను జదివి యలవాటుపడిన పండితుల కీ యుపక్రమము క్రొత్తగాఁ దోఁపదు. పురాణాంతమున ఫలశ్రుతి యెట్టిదో, కొర్రీదోతుద నీ సెలవు పుచ్చుకొనుట యట్టిది.

ఈ గేయజాతి పుట్టువును గూర్చి పండితులలో నైకమత్యము లేదు. స్పెయినుదేశపు ప్రాచీన రొమాన్సె గేయములే సముద్రము దాఁటి వచ్చి యీ రూపము దాల్చినవని విసెంతె మెండోసా 1939 లోఁ బ్రకటించిన గ్రంథమున వాదించెను. అమెరికో పరేదెస్ టెక్సాసు సరిహద్దునఁ బుట్టి పెరిగినవాఁడు. ఆయన రొమాన్సెతోడి చుట్టఱికమును గాదనలేదు. కాని 1848 లో మెక్సికో తన యుత్తరభూభాగమును అమెరికా సంయుక్తరాష్ట్రములకుఁ గోల్పోయిన పిమ్మట, రియో గ్రాందె నదీప్రాంతమున నున్న స్పానిషుభాషాజనులకును క్రొత్త ప్రభువులకును గలిగిన సంఘర్షణమే వీరగేయమునకు జీవము పోసినదని నిర్ణయించెను. ఈ రెండు మతములును బరస్పరవిరుద్ధములు గావు. ఒకటి దేహమునకును, రెండవది ప్రాణమునకును వంశావళి చెప్పుచున్నవి.

నేఁడు మాదకద్రవ్యముఠాలను గీర్తించు నార్కోకొర్రీదోలఁ గూర్చి చర్చించువారు పలువురు వానిని గాలదోషముగా నెంచి, వానికిఁ బూర్వచరిత్రయే లేనట్లు వ్రాయుదురు. పూర్వచరిత్ర కలదు. అందు మొదటఁ బరిశీలింపఁదగినది గ్రెగోరియో కొర్తేస్ గేయము.

1901 వ సంవత్సరము జూను 12 వ తేదిని టెక్సాసులోని కార్నెస్ మండలమున షెరీఫు మోరిస్ యను నధికారి గుఱ్ఱపుదొంగను వెదకుచుఁ గొర్తేస్ యింటికి వచ్చెను. నీవు గుఱ్ఱమును మార్పిడి చేసితివా యని దుబాసి యడిగెను. కొర్తేస్ మార్పిడి చేసినది గుఱ్ఱము గాదు, ఆఁడుగుఱ్ఱము. స్పానిషుభాషలో రెండింటికిని వేఱు వేఱు పదములు గలవు. దుబాసి యా భేదమును దెలిసికొనఁ జాలఁ డయ్యెను. కొర్తేస్ లేదనెను, అధికారి దానిని బొంకుగాఁ దలఁచెను. మాట పెరిగి షెరీఫు కొర్తేస్ యన్నను గాల్చెను. కొర్తేస్ షెరీఫును గాల్చి చంపెను. పిమ్మట నతఁడు పది దినములు కాలినడకను, గుఱ్ఱముమీఁదను వందలకొలఁది మైళ్లు పాఱిపోయెను. వందలమంది రక్షకభటులు వెంటఁబడిరి. తుదకు లారేడో పట్టణముచేరువఁ జిక్కెను. వ్యాజ్యములు పెక్కేండ్లు సాఁగినవి; 1913 లో గవర్నరు కోల్క్విట్ క్షమాభిక్ష నొసఁగెను. 1916 లో నతఁడు మరణించెను. పరేదెస్ 1958 లోఁ బ్రకటించిన గ్రంథ మంతయు నీ యొక్క గేయమునకు వ్యాఖ్యానమే.

ఈ గేయమున హింసకుఁ గారణము చెప్పఁబడినది. ఒక్క పదముయొక్క యర్థభేదమువలన నన్నదమ్ముల యింట గుండ్లు ప్రేలినవి. తన్నుఁ గాచికొనుటకై నాయకుఁడు తుపాకి చేతఁబట్టెను. చంపితి నని యతఁడు గర్వింపఁడు. చంపవలసివచ్చె నని చింతింపనుజింతింపఁడు. తన హక్కు తాను నిలుపుకొంటి నని మాత్రము పలుకును. తరువాతికాలపు గేయములను దూఁచుట కిదియే త్రాసు.

1910 మొదలు జరిగిన విప్లవకాలమున కొర్రీదో దేశమంతటను వ్యాపించినది. రాజధానిలో ఆంతోనియో వనేగాస్ అర్రోయో ముద్రాలయమునుండి, హోసె గ్వాదలూపె పోసాదా చెక్కిన బొమ్మలతో, ఒంటికాగితపు ప్రతులు వెలువడి సంతలలో స్వల్పవెలకు నమ్ముడుపోయెను. పోసాదా 1913 లోఁ గాలధర్మము నొందెను. విల్లా, సపాతా మొదలగు నాయకులఁ గూర్చిన పాటలు కోకొల్లలు. వానిచరిత్ర వేఱొక వ్యాసమునకుఁ దగినది.

1920 మొదలు 1933 వఱకు అమెరికాలో మద్యనిషేధము నడచినది. అప్పుడు తెకీలా మద్యమును గాడిదలమీఁదను, గుఱ్ఱములమీఁదను నది దాఁటించువారు కథానాయకు లైరి. వారిని గూర్చిన ప్రసిద్ధగేయమున మువ్వురు దొంగరవాణాదారులు టెక్సాసు భటుల పొంచులోఁ జిక్కి మడియుదురు. పొంచియుండి కాల్చిరి గాని యెదురుబడి గెలువలేదని కవి భటులను నిందించును. ఇచ్చట నొక సూక్ష్మము గలదు. నాయకుని వృత్తి నేరమే. కాని కవి యా నేరమును బ్రశంసింపఁడు, దానిఁ గూర్చి వాదింపఁడు. పరదేశపు శాసనము తమ నదిమీఁద గీఁచిన గీఁటును దాఁటుట పాప మని సరిహద్దుజనులు తలంపలేదు.

మాదకద్రవ్యముల పేరు గ్రామఫోనుపలకలకెక్కినది 1930 దశకారంభముననే. 1931 లో సియుదాద్ హ్వారెస్ నగరపు మాదకద్రవ్యవ్యాపారి పబ్లో గొన్సాలెస్ మరణమును గూర్చిన 'ఎల్ పబ్లోతె' గేయము రికార్డు చేయఁబడెను. 1934 లో 'ఎల్ కొంత్రబందీస్తా' వెలువడెను. ఈ రెండవదానిలో నాయకుఁడు చెఱసాలనుండి తన కథ చెప్పుకొనును. తొలుత మద్యము విక్రయించి మోటారుబండిని, మేడను సంపాదించెను; పిదప కొకెయిన్, మార్ఫిన్ మొదలగు వానిని విక్రయింపఁబోయి పట్టుపడెను. తన్నుఁ జూచి బుద్ధి దెచ్చుకొనుఁ డని వినువారిని వేఁడుకొనును. నార్కోకొర్రీదో తొలిపుటయందుఁ బశ్చాత్తాపమే కలదు గాని ప్రగల్భము లేదని దీనివలనఁ దెలియుచున్నది.

నలువది యేండ్ల పిమ్మట నీ గేయజాతికిఁ గ్రొత్త జన్మ మిచ్చినది 'కొంత్రబాందో ఇ త్రైసియోన్', అనఁగా దొంగరవాణాయును ద్రోహమును. రచయిత ఆంహెల్ గొన్సాలెస్. సినలోవా రాష్ట్రమునఁ బుట్టి కాలిఫోర్నియాలోని సాన్ హోసె నగరమున స్థిరపడిన లోస్ తీగ్రెస్ దెల్ నోర్తె గాయకమండలి 1970 దశకపుఁ బ్రథమార్ధమున దీనిఁ బాడి దేశదేశములఁ గీర్తి గడించెను. ఎమీలియో వరేలా యనువాఁడును, కమేలియా యను టెక్సాసు వనితయు మోటారుబండిచక్రముల లోపల గంజాయి క్రుక్కి తిహ్వానానుండి లాస్ ఏంజెలెసునకుఁ గొనిపోవుదురు. సరకు చేరి సొమ్ము చేతఁబడఁగా, ఎమీలియో యామె పాలు ఆమె కొసఁగి, తన ప్రాణప్రియ సాన్ ఫ్రాన్సిస్కోలో నున్నదనియు నచటికిఁ బోవుదు ననియుఁ జెప్పును. ఏడు గుండ్లు ప్రేలును. ఎమీలియో పడును. భటులకుఁ దుపాకి మాత్రము దొరకును. కమేలియా జాడగాని సొమ్ముజాడగాని తెలియదు.

ఇందలి హింస ముఠాహింస గాదు, విరహాసూయలవలనఁ బుట్టినది. కమేలియాయును ఎమీలియోయును గల్పితపాత్రలు. తేదిలేదు, షెరీఫు పేరులేదు. చరిత్రగేయము కథాగేయమైనది. జనులు మాత్రము కమేలియా నిజముగా నుండినదని నమ్మి వెదకిరి, చలనచిత్రములు వచ్చినవి. 1975 లో నదే మండలి పౌలీనో వర్గాస్ రచించిన యెఱ్ఱకారు గేయమును బాడెను. అందు దెబ్బదిని నేలఁబడిన నాయకుని షెరీఫు ప్రశ్నించును. స్పానిషుభాషలోఁ బాడుట యను క్రియకు రహస్యము వెల్లడించుట యను నర్థమును గలదు. ఆ శ్లేష నాధారముగాఁ గొని నాయకుఁడు నోరు విప్ప నిరాకరించి చనిపోవును. పూర్వపు వీరుఁడు హక్కునకై పోరాడెను. ఈతఁడు మౌనమునకై ప్రాణము విడిచెను. వీరధర్మ మొకటి యుండుట మానలేదు, ధర్మమున కాశ్రయము మాత్రము మాఱినది. పూర్వము జాతిజను లుండినచోట నిప్పుడు ముఠా నిలిచినది.

సినలోవా కొండలలోని బదిరగ్వాతో ప్రాంతమున నల్లమందుసాగు బహుకాలమునుండి కలదు. 1970 దశకాంతమునఁ బ్రభుత్వము కొందోర్ దండయాత్ర యను పేర సైన్యమును బంపి పంటలను నాశనము చేయింపఁగాఁ గృషీవలులు పెక్కండ్రు కొండలు దిగి కులియకాన్, గ్వాదలహారా నగరములఁ జేరిరి. వారితోఁ బాటలును దిగివచ్చినవి. కులియకానులో హెసూస్ మల్వేర్దె యను గజదొంగకు గుడి కలదు. 1909 లో నతఁడు చంపఁబడె నని యైతిహ్యము. అతఁ డున్నాఁడో లేఁడో నిశ్చయించుటకుఁ జాలిన పత్రప్రమాణము లేకున్నను మ్రొక్కుబడులు మాత్రము ప్రత్యక్షములు.

ఈ దశలో గేయభాష యొక సంకేతభాషగాఁ బెరిగినది. ఏకే 47 తుపాకికి మేఁకకొమ్మని పేరు. గుండ్లపెట్టె వంపుగా నుండుటచే నిది వచ్చినది. కోడిపుంజన గంజాయి, చిలుక యన కొకెయిన్, మేఁక యన హెరోయిన్. లోస్ తుకానెస్ దె తిహ్వానా యను మండలి 1990 దశకమున నీ మూఁడు జంతువులఁ బెంచి ధనికుఁడైన వానికథగా నొక గేయమును బాడెను. తెలియనివానికిఁ బశుపాలకుని పాట. తెలిసినవానికి వ్యాపారపుఁ జిట్టా. వ్యక్తులను సయితము పేరుతోఁ గాక యంకెలతోఁ బిలుచుట పిదప నలవాటైనది. ప్రహేళికలయందుఁ బ్రీతిగల పండితుల కిది రుచించును గాని, యీ ప్రహేళికలు భటులనుండియు శత్రువులనుండియుఁ దప్పించుకొనుటకుఁ బుట్టినవని మఱువరాదు.

గేయమునకును సొమ్మునకును గల సంబంధమును దేటపఱచినవాఁడు చలీనో సాంచెస్. ఇతఁడు 1960 లో సినలోవా పల్లెలోఁ బుట్టి వలసకూలిగా కాలిఫోర్నియాకుఁ బోయెను. తిహ్వానా నగరమునఁ జంపఁబడిన తన సోదరుని గూర్చి తొలిగేయము రచించెను. కొంతకాలము చెఱసాలలో నుండఁగాఁ దోడిఖైదీలు తమ తమ కథలు చెప్పి, ద్రవ్య మిచ్చి, పాటలు గట్టించుకొనిరి. విడుదలయైన పిమ్మట నదియే వృత్తి యైనది. కోరినవాని పేరును, ఊరును, వాఁడు మెచ్చిన తుపాకియును జేర్చి గేయ మొకటి రచించి, టేపులపై నెక్కించి యిచ్చుచుండెను. కంఠము శ్రావ్యము గాదు, పల్లెవాని మొరటుపలుకు. ఆ మొరటుదనమే ప్రమాణముగాఁ బరిగణింపఁబడి పిదపఁ బలువురు దాని ననుకరించిరి. 1992 జనవరిలో కాలిఫోర్నియాలోని కోచెల్లాయందుఁ బాడుచుండఁగాఁ బ్రేక్షకుఁ డొకఁడు వేదికయొద్ద నతనిఁ గాల్చెను. అతఁడును దిరిగి కాల్చెను. ఆ గాయమునుండి కోలుకొని, నాలుగునెలలకే, కులియకానులో గానసభ ముగిసిన రాత్రి యపహరింపఁబడి, మే 16 వ తేదిని శవమై కనఁబడెను. చంపినవా రెవరో నేఁటికిని నిశ్చయము గాలేదు.

ఆశ్రయకవిత్వము లోకమునఁ గ్రొత్తది గాదు. రాజు సొమ్మిచ్చి కావ్యమును గృతినందినపుడు, పద్యములలోఁ జెప్పఁబడిన దిగ్విజయములన్నియు జరిగినవని చరిత్రకారుఁడు నమ్మఁడు. నమ్మకున్నను గావ్యమును బాఱవేయఁడు. కృతిపతి తన్ను లోక మెట్లు చూడవలె నని కోరెనో యందుండి గ్రహించును. చలీనో టేపులనుగూడ నట్లే చదువవలెను. అందు సంఘటనకుఁ బ్రమాణము తక్కువ. కోరికకుఁ బ్రమాణ మెక్కువ. పేదపల్లెలోఁ బుట్టిన యువకుఁడు సంవత్సర మొకటి బ్రతికినను బేరు నిలిచిన చాలునని సొమ్మిచ్చె ననుటకంటెఁ జరిత్రకుఁ బనికివచ్చు వార్త వేఱొకటి యుండదు.

2006 డిసెంబరులో అధ్యక్షుఁడు ఫెలీపె కల్దెరోన్ ముఠాలపై సైన్యమును బ్రయోగించెను. ముఠాలు చీలి యొండొరులతోఁ బోరాడసాఁగినవి. 2018 మొదలు కొన్నియేండ్లపాటు దేశమున నేఁటికి 30,000 లకుఁ బైఁగా హత్యలు జరిగినవి. గేయముల స్వరము మాఱినది. 'మోవిమియెంతో అల్తెరాదో' యను పేర 2009 ప్రాంతమున వెలువడిన పాటలలో గాయకుఁడు కథకుఁడుగా నుండుట మాని 'నేను' అని పలుకసాఁగెను. చిత్రవధ, శిరచ్ఛేదము, బజూకాలు, గుండునిరోధకకవచములు మొదలగునవి నేరుగా వర్ణింపఁబడినవి. వీనిలోఁ బేరొందిన దొకటి మనుయెల్ తోర్రెస్ ఫేలిక్స్ యను ముఠానాయకుని యనుచరులఁ గూర్చినది. ఆ నాయకుఁడు 2012 అక్టోబరులో సైనికులచే నిహతుఁ డయ్యెను. ఈ పాటలలోఁ గొన్ని రచింపఁబడినది మెక్సికోలోఁ గాదు, కాలిఫోర్నియా నగరములలో. గుండుచప్పు డెన్నఁడు వినని రచయిత వార్తాపత్రికలను, తంతిమాటలను జూచి యుద్ధవర్ణనము సేయుట 2013 లో వచ్చిన 'నార్కో కుల్తూరా' యను చిత్రమునఁ జూపఁబడినది.

పూర్వగేయమున శత్రువునకుఁ బేరు కలదు, కులస్థానములు గలవు, పలుకు గలదు. మోరిస్ లేక కొర్తేస్ కథ లేదు. అల్తెరాదో పాటలలోఁ జచ్చువానికిఁ బేరులేదు, అతఁడు లెక్కలోనివాఁడు. కారణము చెప్పు చరణములు తగ్గినకొలఁదిని ఆయుధములఁ బేర్కొను చరణములు పెరిగినవి. ఇది రచయితల యశక్తి యని కొందఱు విమర్శించిరి. అశక్తికంటెఁ గారణ మింకొకటి యున్నట్లు తోఁచుచున్నది: ముఠా పేరు చెప్పి భయపెట్టుట యుద్ధమున నొక యాయుధ మైనపుడు, దానికి సేవ సేయు గేయము కథ చెప్పవలసిన పనిలేదు, బెదరింప వలసినపని యున్నది. పాట ప్రకటన మైనది.

ప్రకటనమునకుఁ బ్రత్యుత్తరము గాయకులపైఁ బడెను. వలెంతీన్ ఎలిసాల్దె 2006 నవంబరు 25 వ తేదిని రెయ్నోసా పట్టణమునఁ బాడిన వెంటనే చంపఁబడెను. తన శత్రువుల నుద్దేశించిన పాటను బ్రత్యర్థిముఠా యేలు పట్టణమునఁ బాడుటయే కారణ మని లోకము తలంచినది. సెర్హియో వేగా 2010 జూను 26 వ తేదిని, తాను మరణించితి ననుట వట్టి వదంతి యని వార్తాహరులకుఁ జెప్పిన కొన్ని గంటలకే, గానసభకుఁ బోవుదారిలో హతుఁ డయ్యెను.

పాలకులు నిషేధమును బ్రయోగించి చూచిరి. సినలోవా గవర్నరు 2011 లో నీ పాటలు పాడించు మద్యశాలల యనుమతిపత్రములు రద్దు చేయుదు నని యుత్తరు విచ్చెను. గవర్నరు తన యధికారపరిధిని మీఱె నని దేశపు సర్వోన్నతన్యాయస్థానము 2013 లో దానిఁ గొట్టివేసెను. 2025 మార్చిలో గ్వాదలహారాయందు లోస్ అలేగ్రెస్ దెల్ బర్రాంకో మండలి పాడుచుండఁగా వేదికపై ముఠానాయకుని చిత్రము వెలిసెను. అమెరికాప్రభుత్వ మా గాయకుల ప్రవేశానుమతులను రద్దు చేసెను. తరువాతి నెలలో తెస్కోకో సంతలో లూయిస్ కొన్రీకెస్ యను గాయకుఁడు నిషేధమునకు లోఁబడి యట్టి పాటలు పాడ ననఁగా శ్రోతలు కుర్చీలు విసరి వాద్యములను బగులఁగొట్టిరి. గాయకుఁడు పాడినను బాడకున్నను వేదిక నిలువదని దీనివలనఁ దేలుచున్నది. అధ్యక్షురాలు క్లౌదియా షేన్బాం నిషేధము తన కిష్టము గాదని చెప్పి, హింసను బొగడని పాటలకుఁ బోటీ యొకటి యేర్పాటు చేయించెను.

ఈ వాఙ్మయ మంతయు ముఠాపక్షపాతమే యనుట సత్యము గాదు. లోస్ తీగ్రెస్ మండలి 2004 లో సియుదాద్ హ్వారెసున వరుసగాఁ జంపఁబడిన స్త్రీలను గూర్చి పాడెను. 2009 లో 'లా గ్రాన్హా' యను గేయమున దేశమునే యొక పశువులకొట్టముగాఁ జిత్రించి పాలకులను నన్యాపదేశముగా దూషించెను. రాజధానిలో నొక బహుమానసభయందు దానిఁ బాడవల దనఁగా గాయకులు సభనుండి తప్పుకొనిరి. తుపాకి పాటలకంటె నీ పశువులపాట యధికారులకు వెఱపు గలిగించుట విమర్శకులు గమనింపఁదగినది.

అయినను గొఱఁత గొఱఁతయే. 2022 మే నాఁటికి ప్రభుత్వపు పట్టికలోఁ గనఁబడకుండఁ బోయినవారి సంఖ్య 1,00,000 దాఁటెను. కొడుకుల నెముకలకై యినుపచువ్వలతో బీడునేలలు గ్రుచ్చి చూచు తల్లులు దేశ మంతటను సంఘములుగా నేర్పడిరి. నాయకుఁడు, పోరు, మరణము, సెలవు అను క్రమమునకు నలవాటుపడిన గేయరూపమున వీరి కథ యిముడుట కష్టము. మరణదినము తెలియదు, స్థలము తెలియదు, చంపినవానిపేరు తెలియదు. మొదటిచరణమున నేమి చెప్పవలయును? 2014 సెప్టెంబరు 26 వ తేది రాత్రి ఇగ్వాలా పట్టణమున నపహరింపఁబడిన అయోత్సినాపా పాఠశాలావిద్యార్థులఁ గూర్చి మాత్రము కొర్రీదోలు పుట్టినవి. అచ్చటఁ దేదియు నూరును దెలియును, ఉపక్రమము కుదిరినది. వారిలో మువ్వురి యవశేషములు దక్కఁ దక్కినవారి జాడ తేలలేదు. ఊరేఁగింపులలో జనులు ఒకటి మొదలు నలువదిమూఁటి దాఁక నెలుఁగెత్తి లెక్కింతురు. ఆ లెక్కకుఁ బాట లేదు.